పదకొండో చుట్ట

"మీ జాయింటరు నిన్న ఈ ఆఫీసులోంచి ఎన్నింటికి బయటికెళ్లాడు?" అని అడిగింది టేపక్క.

"పదకొండూ ఇరవైకి," అన్నాడు మేనేజరు తడుముకోకుండా.

"గడియారం చూశారా?"

"చూడక్కర్లేదు మేడమ్. గుర్తుంది."

"పదకొండున్నర ప్రాంతం కాదు, పదకొండు దాటాక కాదు. అచ్చంగా పదకొండూ ఇరవై. మనిషి మాయమైపోతాడని ముందే తెలిసినట్టు గుర్తుపెట్టుకున్నారే!"

చల్లటి ఏసీ గదిలో కూర్చుని మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. అది చూసి టేపక్క గోడ గడియారం వైపు తిరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు నిమిషాలు.

టేపక్క ఇరవై రెండేళ్లు టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో కేబుళ్లు వేయించిన మనిషి. నడుముకి కొలత టేపు లేకుండా ఆమెను ఎవరూ చూసింది లేదు కాబట్టి లైన్‌మన్ల నుంచి పై అధికారుల దాకా అందరికీ టేపక్కే అయింది. ఉద్యోగానికి దండం పెట్టి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాక కూడా టేపు మాత్రం నడుము దిగలేదు. ఎవరేం చెప్పినా కొలిచి చూశాకే నమ్ముతుంది. ఈ గుణం వల్ల ఆమెకి స్నేహితులు తక్కువ, కేసులు ఎక్కువ.

పక్క కుర్చీలో జాయింటరు భార్య ఒదిగి కూర్చుని ఉంది. బట్టలు కుట్టే షాపు ఆమెది. గుప్పిట్లో ఒక ఇన్‌హేలరు పట్టుకుని, పొద్దుట్నుంచీ దాన్ని వదల్లేదు. నిన్న తొమ్మిదింటికి పనికి వెళ్లిన భర్త ఇప్పటిదాకా రాలేదు. వెంట్రుకంత సన్నని గాజుపోగుల చివరలు వేడితో అతికించే పని అతనిది. ఆస్తమా మనిషి. అతికించే యంత్రాన్నీ, వీధివారీ ధరల జాబితానీ ఎత్తుకుని పారిపోయాడని పోలీసులు తేల్చేశారు. పారిపోయేవాడు ఊపిరి నిలిపే మందుని టీవీ మీద వదిలేసి పోతాడా అని అడిగితే నవ్వి పంపేశారు. అందుకే ఆమె టేపక్క దగ్గరికి వచ్చింది.

"ధరల జాబితా ఎవరికి అమ్మాడంటారు?" టేపక్క మళ్లీ మొదలుపెట్టింది.

"ఇంకెవరికి? నారింజ వాళ్లకి."

ఊళ్లో ఇంటర్నెట్‌కి నీలం కేబులు వేస్తున్న కంపెనీని జనం నీలం కంపెనీ అంటున్నారు, నారింజ రంగు కేబులు వేస్తున్న దాన్ని నారింజ కంపెనీ అంటున్నారు. ఏ వీధిలో నెలకి ఎంత గుంజాలో నీలం తరఫున నిర్ణయించేవాడు ఈ మేనేజరే. నీలం వాళ్లు ఒక ధర చెప్పడం, నారింజ వాళ్లు దానికి యాభై తగ్గించడం, జనం సంబరపడిపోవడం. రెండు నెలలుగా ఇదే తంతు. ఈ పోటీని చూసి నగరపాలక సంస్థ కూడా మురిసిపోయింది. పదేళ్లపాటు ఈ రెండు కంపెనీలకు తప్ప ఇంకెవరికీ ఊళ్లో కేబులు వేసే అనుమతి ఇవ్వకూడదని తీర్మానం తయారుచేసింది. ఇద్దరూ కొట్టుకుంటుంటే ధరలు వాటంతటవే దిగుతాయని వాళ్ల నమ్మకం. సాయంత్రం నాలుగింటికి బహిరంగ విచారణ, ఆ వెంటనే సంతకాలు.

టేపక్క సంచీలోంచి ఒక కరపత్రం తీసి బల్ల మీద పెట్టింది.

"నారింజ వాళ్లది. బస్టాండు వెనక వీధికి ఎనిమిదొందల యాభై. సోమవారం పొద్దున ఏడింటికే ఇళ్లలో పడింది. ఆ వీధికి మీ ధర ఎప్పుడు ఖాయం చేశారు?"

"సోమవారమే. పదకొండింటి మీటింగులో."

"ఎంత?"

"తొమ్మిదొందలు."

"అంటే మీరు నోరు విప్పడానికి నాలుగు గంటల ముందే వాళ్లు అందులోంచి యాభై తీసేశారన్నమాట."

"అదే కదా మేడమ్ నేను మొత్తుకునేది! జాబితా దొంగిలించి అమ్మేశాడని."

"ఇంకా పుట్టని అంకెని ఎలా దొంగిలించాడండీ?"

టేపక్క కరపత్రాన్ని వెనక్కి తీసుకుంటూ అడుగు అంచు చూసింది. అచ్చేసిన ప్రెస్సు పేరు ఉండవలసిన చోట కాగితం వంకరగా కత్తిరించి ఉంది. తనకి దొరికిన నాలుగు కరపత్రాలూ అంతే. ఆ సంగతి మనసులో ఒక మూల పడేసి లేచి నిలబడింది.

"ఫిర్యాదుల రిజిస్టరు చూపించండి. నిన్నటిదీ, ఇవాళ్టిదీ."

మేనేజరు నసిగాడు. కొత్త లైను కదా, చిన్న చిన్న నలతలు ఉంటాయన్నాడు. టేపక్క చెయ్యి చాపి అలాగే నిలబడింది. చివరికి రిజిస్టరు వచ్చింది.

దక్షిణం వైపు వెళ్లే పెద్ద లైను నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి మూడుసార్లు పడిపోయి లేచింది. రెండింటికి మూడుసార్లు. మూడింటికి మూడుసార్లు. రాత్రి పదకొండు తర్వాత ఏమీ లేదు. తెల్లవారి ఆరింటి నుంచి మళ్లీ గంటగంటకీ మూడేసి.

"లైను నలత గడియారం చూసుకుని వస్తుందా?" అంది టేపక్క.

జాయింటరు భార్య తటాలున లేచింది. "ఆయనే అక్కా! ఇంటికొచ్చినా మూడుసార్లే తలుపు కొడతాడు. నాలుగోసారి కొట్టడు, తీసేదాకా నిలబడతాడు."

గాజుపోగుని వేలి చుట్టూ గట్టిగా వంచితే లోపలి వెలుతురు బయటికి కారిపోయి లైను పడిపోతుంది. వదిలేస్తే మళ్లీ వస్తుంది. అది జాయింటర్లకి తప్ప ఇతరులకు తెలిసే విద్య కాదు. మనిషి పారిపోలేదు. ఎక్కడో ఈ తీగ పక్కనే ఉండి తలుపు కొడుతున్నాడు. టేపక్క ఆఖరి పంక్తి మీద వేలు పెట్టింది. ఇవాళ పన్నెండింటికి మూడు. ఒంటిగంటకి రెండే.

"మూడోది కొట్టే ఓపిక లేదు," అంది జాయింటరు భార్య.

"పోలీసులు పొద్దున పదింటికే యంత్రంతో దూరం కొలిపించారు," అన్నాడు మేనేజరు, చేతులు దులుపుకున్నట్టు. "లైను వంగుతున్నది ఇక్కణ్ణుంచి రెండువేల ఆరువందల నలభై మీటర్ల దగ్గర. వాడే లైను పాడుచేస్తున్నాడని ఇన్‌స్పెక్టరు గారు అక్కడ తవ్విస్తున్నారు. మీరు మా టైమెందుకు తింటారు?"

స్కూటరు తీస్తుంటే ఫోను మోగింది. చెల్లెలు. చిన్నప్పుడు టేపక్క నేలంతా కొలుస్తుంటే టేపు అవతలి కొస పట్టుకుని కూర్చున్నది ఈ చెల్లెలే. ఇప్పుడు సొంతంగా ప్రెస్సు నడుపుతోంది. మనిషికి తీరిక లేకపోయినా అక్క మీద బెంగ మాత్రం తగ్గలేదు.

"అక్కా, అన్నం తిన్నావా? మళ్లీ ఆ టేపులూ చుట్టలూ అంటూ ఎండలో పడి తిరుగుతున్నావా? ఎక్కడున్నావిప్పుడు?"

"నీలం ఆఫీసు దగ్గర. మీ ఆయన తవ్వే గొయ్యి చూడ్డానికి వెళ్తున్నా."

"ఆయన పని ఆయన్ని చేసుకోనీ అక్కా. ఇంటికొచ్చెయ్, కాసేపు పడుకుందువు గాని. నీకసలే బీపీ."

"సాయంత్రం వస్తాలే," అని పెట్టేసింది టేపక్క. ఒక్కగానొక్క చెల్లెలు, ఆమాత్రం ఆరాటం ఉండదా అనుకుంది.

నాలుగు రోడ్ల కూడలి పక్కన నడుంలోతు గొయ్యి. గట్టు మీద గొడుగు కింద ఇన్‌స్పెక్టరు. గోతిలో ఇద్దరు కానిస్టేబుళ్లు చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. గోతిలో నీలం తీగ నిక్షేపంలా ఉంది. దాని పక్కన మనిషీ లేడు, మనిషి జాడా లేదు. అప్పటికి రెండూ ఇరవై.

"రండి వదినగారూ, రండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, గొడుగు కదపకుండా. టేపక్క చెల్లెలి మొగుడతను. ఇంట్లో పండంటి మరిది, కేసు దగ్గర పక్కలో బల్లెం. "మీరు రాలేదేమిటా అని ఇందాకే అనుకున్నా."

"రెండింటికి ఎన్నిసార్లు పడింది లైను?"

"ఒక్కసారి. వాడికీ విసుగొచ్చినట్టుంది."

జాయింటరు భార్య గట్టు మీదే కూలబడింది. మూడు, రెండు, ఒకటి. ఆ లెక్క ఎటు పోతోందో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"ఈ గొయ్యి ఏ లెక్కన తవ్వించావు మరిదీ?" టేపక్క మర్యాద పక్కన పెట్టేసింది.

"డ్యూటీలో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు గారూ అనండి."

"ఏ లెక్కన తవ్వించారు ఇన్‌స్పెక్టరు గారూ?"

"మేమూ కాస్త చదువుకున్నాం లెండి. యంత్రం కొలిచేది రోడ్డుని కాదు, తీగని. రెండొందల మీటర్లకొక ఛాంబరు, అదే, మూతపెట్టిన గొయ్యి. ఎప్పుడైనా తెగితే అతికించుకోడానికి ఒక్కో ఛాంబరులో పది మీటర్ల తీగ చుట్టచుట్టి పెడతారు. వెలుతురు ఆ చుట్టలన్నీ చుట్టుకుని రావాలి. వాటిని తీసేస్తే రోడ్డు మీద రెండువేల ఐదువందల ఇరవై. సెంటీమీటరు తేడా లేకుండా ఇక్కడే."

"చుట్టకి పది అని ఎవరు చెప్పారు?"

"నీలం మేనేజరు. వాళ్ల రూలు పుస్తకంలో ఉందట."

"పుస్తకంలో పదే ఉంటుంది. చుట్టలు పెట్టింది పుస్తకమా, జాయింటరా?" టేపక్క గొంతు పైకి లేచింది. "నా దగ్గర పని నేర్చుకున్నాడు వాడు. వాడు చేరిన ఏడాది ఒక ఆసుపత్రి కేబులు తెగితే, చుట్టలో తీగ చాలక తొమ్మిది గంటలు ఫోన్లు లేవు. ఆ రోజు నుంచి నా మనుషులెవరూ ఇరవై మీటర్లకి తక్కువ పెట్టలేదు."

"తీగ దండగ చేస్తున్నాడని రెండుసార్లు జీతం కోశారు," అంది జాయింటరు భార్య కింద నుంచి. "అయినా మానలేదు. అక్క చూస్తే తిడుతుంది అనేవాడు."

టేపక్క వేళ్లు మడిచింది. ఛాంబరుకీ ఛాంబరుకీ మధ్య రెండొందలు, చుట్టకి ఇరవై... ఆగింది. ఛాంబరుకి ఒక్క చుట్ట కాదు. ఇరవై మీటర్ల చుట్ట ఛాంబరుకి ఇటువైపు తీగకొకటి, అటువైపు తీగకొకటి. అవును, జాయింటు ఉన్న చోట రెండువైపులా వదలాలి. తన మనుషులు వదిలేది అలాగే. ఒక్కో ఛాంబరుకి నలభై. రెండువేల ఆరువందల నలభైని రెండువందల నలభైతో భాగించింది. శేషం లేదు.

"పదకొండు," అంది. "పదకొండో ఛాంబరు. రోడ్డు మీద రెండువేల రెండొందలు. ఇక్కణ్ణుంచి మూడొందల ఇరవై మీటర్లు వెనక్కి. నువ్వు పొద్దుట్నుంచీ దాని ముందు నుంచే తిరుగుతున్నావు మరిదీ."

"మీ లెక్క తప్పితే?"

"టేపు విప్పి నీ చేతిలో పెడతాను. నడు!"

ఇన్‌స్పెక్టరు ఆమె మొహం చూశాడు, గట్టు మీది ఆడమనిషి గుప్పిట్లోని ఇన్‌హేలరు చూశాడు. ఏమనుకున్నాడో, గోతిలోంచి ఒక గునపం అందుకుని జీపు ఎక్కాడు. కానిస్టేబుళ్లని గొయ్యి పూడ్చమని అక్కడే వదిలేశాడు.

టేపక్క స్కూటరు వెనక జాయింటరు భార్య, ఆ వెనక జీపు. అయినా మాట మాటే కాబట్టి టేపక్క పదో ఛాంబరు మూత దగ్గర ఆగి, అక్కణ్ణుంచి టేపు పరిచి రెండొందలు కొలిచింది. ఎదురుచూసేవాళ్ల ప్రాణం తోడేసినా ఆమె పద్ధతి మారదు. టేపు కొస వెళ్లి ఆగింది ఒక పాత గోదాము గుమ్మం ముందు. రోడ్డు మీద ఛాంబరు లేదు. తీగ గుమ్మం కింద నుంచి లోపలికి వెళ్లింది. పైన కొత్త బోర్డు, ఇంకా పెయింటు వాసన వేస్తోంది. నారింజ రంగు.

"నారింజ కంపెనీ ఆఫీసు," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "నీలం తీగకి ఇక్కడేం పని?"

షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల పురుగు లేదు. ఉద్యోగులంతా విచారణలో చప్పట్లు కొట్టడానికి వెళ్లినట్టున్నారు. మూడు గంటలు దాటి పది నిమిషాలైంది. మూడింటికి లైను ఒక్కసారైనా పడిందో లేదో కనుక్కునే ధైర్యం టేపక్కకి లేకపోయింది.

మెట్లు కిందికి దిగాయి. దిగగానే ఎడమ గోడకి ఒక ఇనుప బీరువాలాంటి పెట్టె. ఇన్‌స్పెక్టరు దాని తలుపు గునపంతో మీటాడు. టేపక్క టార్చి వేసింది. ఒక్క నీలం తీగ పెట్టెలోకి వెళుతోంది. పెట్టె ఇవతల నుంచి సగం నీలం తీగలు, సగం నారింజ తీగలు బయటికొస్తున్నాయి. రెండు కంపెనీలు లేవు. ఉన్నది ఒకటే. ఒక చేత్తో తొమ్మిదొందలు రాసి, రెండో చేత్తో ఎనిమిదొందల యాభై రాసి, ఊరినంతా ఎనిమిదొందల యాభైకి బోల్తా కొట్టించారు. ఇంకో గంటలో పదేళ్లకి రాయించుకోబోతున్నారు.

"జాయింటరు చూసింది ఇదే," అంది టేపక్క.

ఎదురుగా మందమైన తలుపు, బయట తాళం. రెండు దెబ్బలకి తాళం ఊడింది గాని తలుపు కదల్లేదు. లోపల ఏదో బరువు అడ్డంగా ఉంది. ఇన్‌స్పెక్టరు భుజం వేశాడు. అంగుళం కూడా జరగలేదు.

"ఆగండి," అంది జాయింటరు భార్య. వాళ్లిద్దర్నీ తప్పించుకుని ముందుకొచ్చి, వేలి కణుపుతో తలుపు కొట్టింది. ఒకటి, రెండు, మూడు. కొట్టి నిలబడింది.

ఏమీ వినపడలేదు. టేపక్క తన జీవితంలో ఇన్ని కొలిచింది గాని అంత పొడుగు నిమిషాన్ని ఆమె ఎరగదు. అప్పుడు లోపల ఇనుము నేల మీద గీసుకున్న చప్పుడైంది. ఆగింది. మళ్లీ గీసుకుంది.

తలుపు మూరెడు తెరుచుకుంది. బ్యాటరీలు పేర్చిన ఇనుప ర్యాకు పట్టుకుని జాయింటరు నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. భార్య ఇన్‌హేలరు అతని నోట్లో పెట్టి నొక్కింది. ఒకసారి, రెండోసారి. అతని వెనక గోడకి ఇరవై మీటర్ల చుట్టలు రెండు పొందిగ్గా కట్టి ఉన్నాయి. అది చూసి టేపక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు.

"రెండు నెలల కిందట ఈ చుట్ట నేనే పెట్టానక్కా," అన్నాడు కాస్త ఊపిరందాక. "అప్పుడిది ఖాళీ గోదాము. నిన్న మేనేజరు రిపేరుందని తీసుకొస్తే పైన నారింజ బోర్డు. పెట్టె తెరిచి చూసి, ఇదేంటి సార్ అన్నాను. తలుపేశాడు. మళ్లీ వచ్చి తీగలు అతికించిన పెట్టె నా చేతికి అందకుండా లాక్కుంటారని ర్యాకు అడ్డం పెట్టుకున్నా."

"వాడి పని పడతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జాయింటరు తల అడ్డంగా ఊపాడు. "మేనేజరుకి అంత బుర్రెక్కడిది సార్? నారింజ వాటా ఇంకొకరిది. ఇవాళ పొద్దున పదకొండింటికి ఆవిడ వచ్చింది. తలుపవతల నుంచి అంతా వినపడింది. పగలు వీణ్ణి బయటికి తీస్తే నలుగురూ చూస్తారు, నాలుగింటి దాకా పోలీసుల్ని పక్కదారి పట్టిస్తే చాలు అంది. చుట్టకి పది మీటర్లని చెప్పమంది." అతను ఆగి దమ్ము తీసుకున్నాడు. టేపక్క కళ్లలోకి చూడలేకపోయాడు. "'ఆ లెక్క మా ఆయన నమ్ముతాడు. మా అక్క మాత్రం నమ్మదు. దాన్ని దూరంగా ఉంచే పూచీ నాది' అంది."

వంకరగా కత్తిరించిన కరపత్రం అంచు, ప్రెస్సు పేరు లేని ఆ ఖాళీ, టేపక్క కళ్ల ముందు నిలిచాయి. టేపులూ చుట్టలూ అంటూ ఎండలో తిరుగుతున్నావా అక్కా? చుట్టల మాట అప్పటికి తను ఎవరితోనూ అనలేదు.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. తెరని ఆమె వైపు తిప్పాడు. 'ఇల్లు' అని ఉంది, భార్య నంబరుకి అతను పెట్టుకున్న పేరు.

"వదినా," అన్నాడు. గారూ ఎక్కడో రాలిపోయింది. "ఎత్తనా?"

"ఎత్తు. ఇంకా తవ్విస్తూనే ఉన్నానని చెప్పు."

చెప్పాడు. ఉద్యోగంలో ఎంతమంది అబద్ధాలు విన్నాడో గాని, తను చెప్పడం మాత్రం చేతకాలేదు. అవతలి గొంతు ఆ నేలమాళిగ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. ఎప్పట్లాగే మెత్తగా, ఆప్యాయంగా ఉంది.

"అలాగా అండీ? మరి మీ జీపు, అక్క స్కూటరు పక్కన ఎందుకుంది?"

పైన, వాళ్ల నెత్తి మీద, ఇనుప షట్టరు బరబరా కిందికి దిగింది. టేపక్క గడియారం చూసుకుంది. మూడూ ముప్పై ఐదు.